ఉన్న పాలిస్టర్ బట్టలు తీసేసి ఆర్గానిక్ కొనుక్కోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అలమారాలో ముప్పాతిక వంతు పాలిస్టర్, మిశ్రమ గుడ్డలే ఉన్నాయి. వాటి వల్ల నీళ్లకూ నేలకూ జరుగుతున్న చెరుపు గురించి చదివాక మనసు ఊరుకోవడం లేదు. అన్నిటినీ ఒక పెద్ద సంచిలో కట్టి ఎవరికైనా ఇచ్చేసి, వాటి బదులు ఆర్గానిక్ కాటన్, వెదురు, రీసైకిల్డ్ బట్టలు కొందామనుకుంటున్నారు. ఏ లేబుల్‌ను నమ్మాలో, ఇవ్వాల్సినవి ఎలా ఇవ్వాలో చెప్పమన్నారు. జిప్పు పట్టని వాన జాకెట్టు కూడా ఆ సంచిలోకే వెళ్లిందని రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ సంచి విప్పి బట్టల్ని మళ్లీ అలమారాలో సర్దేయండి. ఇప్పుడప్పుడే కొత్తవి కొనకండి. మీరు కొనబోయే ఆర్గానిక్ చొక్కా కన్నా మీ దగ్గరున్న పాలిస్టర్ చొక్కాయే పర్యావరణానికి మేలు. నేను ఇరవై ఒక్క ఏళ్లుగా బట్టల తయారీలో ఉన్నాను. మొదటి ఆరేళ్లు గుడ్డను పరీక్షించే ల్యాబులో, తర్వాతంతా కుట్టిన బట్టల తుది తనిఖీలో. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఇది: ఆ గుడ్డ దేనితో నేశారు అని అడిగేముందు, దాన్ని ఎన్నిసార్లు తొడుక్కున్నారు అని అడగాలి.

ఎందుకో చెబుతాను. ఒక చొక్కా వల్ల జరిగే నష్టంలో పెద్ద వాటా అది మీ చేతికి రాకముందే జరిగిపోతుంది. నూలు వడకాలి, నేయాలి, రంగు అద్దాలి. రంగు అద్దే విభాగంలో ఒక్క రోజు నిలబడితే చాలు, సంగతి తెలుస్తుంది. పాలిస్టర్ గుడ్డకు ఒత్తిడి పెట్టి 130 డిగ్రీల దాకా వేడి చేస్తేగానీ రంగు ఎక్కదు. పత్తి గుడ్డకు అంత వేడి అక్కర్లేదు గానీ, రంగు పట్టడానికి బోలెడు ఉప్పు పోస్తారు. పోగుకు అంటుకోకుండా మిగిలిపోయిన రంగును వదిలించడానికి వేడినీళ్లు, సబ్బునీళ్లు, మళ్లీ చన్నీళ్లు, ఇలా తొట్టి మీద తొట్టి నింపి వదులుతూ పోతారు. ముదురు ఎరుపు, నలుపు లాంటి రంగులైతే మరీనూ. ఆర్గానిక్ పత్తి అయినా ఈ తంతు తప్పదు. మీ పాత చొక్కా విషయంలో ఆ నీళ్లూ, ఆ ఇంధనమూ ఎప్పుడో ఖర్చయిపోయాయి. దాన్ని పారేస్తే అవి వెనక్కి రావు. దాని చోట ఇంకోటి కొంటే ఆ ఖర్చు మొదటినుంచి మళ్లీ మొదలు.

బ్రిటన్‌లో ర్యాప్ అనే సంస్థ 2012లో ఒక లెక్క తేల్చింది. ఒక బట్టను మామూలుగా వాడేదానికి పైన ఇంకో తొమ్మిది నెలలు వాడితే దాని వల్ల వెలువడే కర్బనం, ఖర్చయ్యే నీళ్లు, మిగిలే చెత్త ఒక్కొక్కటీ 20 నుంచి 30 శాతం దాకా తగ్గుతాయి. తొమ్మిది నెలలంటే ఎంత! ఒక గుండీ కుట్టుకుంటే, చంకలో ఊడిన కుట్టు వేయించుకుంటే దొరికే ఆయుష్షు. కానీ లోకం ఎదురు దిశలో నడుస్తోంది. ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో చెప్పిన ప్రకారం 2000 నుంచి 2015 మధ్య ప్రపంచంలో బట్టల తయారీ దాదాపు రెట్టింపయింది. అదే కాలంలో ఒక్కో బట్టను తొడుక్కునే సార్లు 36 శాతం పడిపోయాయి. ఇందులో పాలిస్టర్ తప్పెంత, పత్తి తప్పెంత అని వెతికి లాభం లేదు. బీరువాలో పడి ఉండే బట్ట ఏ పోగుతో నేసినా ఒకటే.

"మరి ఉతికినప్పుడల్లా పాలిస్టర్ నుంచి ప్లాస్టిక్ నలుసులు రాలతాయి కదా" అని మీరు రాసిన మాట నిజమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సముద్రాల్లోకి సూక్ష్మ రూపంలోనే నేరుగా చేరే ప్లాస్టిక్‌లో సుమారు 35 శాతం కృత్రిమ గుడ్డలు ఉతకడం వల్లే వస్తోందని ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2017లో అంచనా కట్టింది. అంతకు ముందు ఏడాది బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరు కిలోల బట్టలు ఒకసారి ఉతికితే ఎన్ని పోగులు ఊడతాయో లెక్కపెట్టారు. ఆక్రిలిక్‌కు ఏడు లక్షలు దాటాయి. పాలిస్టర్‌కు దాదాపు అయిదు లక్షలు. పత్తి కలిసిన పాలిస్టర్‌కు లక్షన్నరలోపే.

అయితే ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. నలుసులు బాగా రాలేది కొత్త గుడ్డ మొదటి కొన్ని ఉతుకుల్లో. కోత, కుట్టు జరిగినప్పుడు గుడ్డలో ఇరుక్కున్న తెగిన పోగులన్నీ అప్పుడే బయటపడతాయి. మీ పాత పాలిస్టర్ చొక్కా ఆ దశ దాటేసింది. దాన్ని తీసేసి కొత్త రీసైకిల్డ్ పాలిస్టర్ తెచ్చుకుంటే, నలుసులు వదిలే మొదటి దశను చేజేతులా మళ్లీ తెచ్చుకున్నట్టే. రీసైకిల్డ్ అయినా అది పాలిస్టరే, నలుసులు రాలకుండా ఉండవు. ఉతికే పద్ధతి మార్చుకుంటే వీటిని చాలావరకు తగ్గించవచ్చు, ఆ సంగతి కింద రాశాను.

మంచి ఉద్దేశంతో కొన్న వస్తువు కూడా ఎలా బెడిసికొడుతుందో చెప్పడానికి గుడ్డసంచుల సంగతి చెప్పాలి. ప్లాస్టిక్ సంచులు మానేయాలని నేనూ నూలు సంచులు కొన్నాను. మరిచిపోయి బయటికెళ్లినప్పుడు ఇంకోటి, ఎవరో బహుమతిగా ఇచ్చింది ఇంకోటి, ఇలా చూస్తుండగా పదకొండు పోగయ్యాయి. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ విడుదల చేసిన అధ్యయనం చదివాక మనసు చివుక్కుమంది. పల్చటి ప్లాస్టిక్ సంచి కన్నా వాతావరణానికి మేలు అనిపించుకోవాలంటే మామూలు నూలు సంచిని కనీసం 52 సార్లు వాడాలి. ఆర్గానిక్ నూలు సంచి అయితే 149 సార్లు. నీళ్లు, ఓజోన్ లాంటి కొలతలన్నీ కలిపి చూస్తే ఈ అంకెలు వేలల్లోకి వెళ్లాయి. ఆర్గానిక్ సంచికి ఎక్కువ రావడానికి ఆ పత్తి దిగుబడి తక్కువని లెక్కకట్టడం ఒక కారణం. దీన్ని బట్టి ప్లాస్టిక్ సంచులే వాడమని కాదు నేననేది. ప్లాస్టిక్ సంచి కాలవలో పడి చేసే చెరుపు ఈ లెక్కలో లేదు. నూలు సంచి ఒకటో రెండో ఉంచుకుని చిరిగేదాకా వాడితేనే దానికి అర్థం. నా పదకొండింటిలో తొమ్మిది పంచేశాను. మిగిలిన రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి, ఒకదానికి అడుగున అతుకు పడింది.

ఇక లేబుళ్ల సంగతి. ఎప్పుడో ఒకప్పుడు కొనాల్సే వస్తుంది కాబట్టి ఇది తెలిసి ఉండటం మంచిదే.

ఆర్గానిక్ కాటన్ అంటే పొలంలో రసాయన పురుగుమందులు, కృత్రిమ ఎరువులు లేకుండా పండిన పత్తి. అంతవరకే. తర్వాత దానికి ఏ రంగు వేశారు, ఆ రంగునీళ్లు ఎక్కడ వదిలారు అన్నది ఆ ఒక్క మాట చెప్పదు. అందుకే గాట్స్ (గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్) ముద్ర ఉందా అని చూడమంటాను. అది పొలం నుంచి కుట్టు దాకా, రంగులు, మురుగునీటి శుద్ధి, పనివాళ్ల పరిస్థితులతో సహా చూస్తుంది. అందులోనూ రెండు మెట్లున్నాయి: 'ఆర్గానిక్' అని రాయాలంటే కనీసం 95 శాతం ఆర్గానిక్ పోగు ఉండాలి, 'ఆర్గానిక్‌తో చేసినది' అని రాయాలంటే 70 శాతం చాలు.

ఓకోటెక్స్ స్టాండర్డ్ 100 అని కనిపిస్తే, ఆ బట్టలో ఒంటికి హాని చేసే రసాయనాలు పరిమితికి లోబడి ఉన్నాయని అర్థం. పసిపిల్లల బట్టలు కొనేటప్పుడు ఇది పనికొస్తుంది, వాళ్ల తరగతికి నియమాలు అన్నిటికన్నా గట్టివి. కానీ చాలామంది దీన్ని పర్యావరణ ముద్ర అనుకుంటారు. అది కాదు. పూర్తిగా పాలిస్టర్ బట్టకు కూడా ఈ ముద్ర దొరుకుతుంది.

వెదురు బట్ట విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. వెదురు వేగంగా పెరుగుతుంది, మందులు పెద్దగా అక్కర్లేదు, అది నిజం. కానీ గట్టి వెదురు బొంగు ఆ పట్టులాంటి మెత్తటి గుడ్డగా ఎలా మారిందో ఆలోచించండి. బొంగును గుజ్జు చేసి, కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్‌తో కరిగించి, సన్నటి రంధ్రాల గుండా ఆమ్లపు తొట్టిలోకి నెడితే దారాలుగా గట్టిపడుతుంది. అది విస్కోస్, రేయాన్‌లో ఒక రకం. ఆ కార్బన్ డైసల్ఫైడ్ నరాలను దెబ్బతీసే విషం. దాన్ని పీల్చిన విస్కోస్ కార్మికుల జబ్బుల చరిత్ర చాలా పాతది. ఇంత ప్రక్రియ తర్వాత ఆ దారంలో వెదురు గుణాలేవీ మిగలవు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి బట్టను 'వెదురు' అని అమ్మకూడదనీ, వెదురుతో చేసిన రేయాన్ అని రాయాలనీ ఏళ్లుగా చెబుతోంది. 2022లో ఈ విషయంలోనే రెండు పెద్ద దుకాణ సంస్థల చేత మొత్తం 55 లక్షల డాలర్లు కట్టించింది. కలప గుజ్జుతో చేసే మెత్తటి గుడ్డే కావాలనుకుంటే లయోసెల్ మేలు. అందులో గుజ్జును కరిగించే ద్రవాన్ని 99 శాతానికి పైగా తిరిగి పట్టి మళ్లీ వాడతారు.

రీసైకిల్డ్ పాలిస్టర్ దాదాపు అంతా పాత బట్టల నుంచి రాదు, నీళ్ల సీసాల నుంచి వస్తుంది. సీసాను మళ్లీ సీసాగా మారిస్తే ఆ ప్లాస్టిక్ ఇంకొన్ని చుట్లు తిరుగుతుంది. చొక్కాగా మారిస్తే దాని ప్రయాణం చాలావరకు అక్కడితో సరి, ఆ తర్వాత చెత్తకుప్పే. కొత్త చమురు తియ్యడం కన్నా నయమే, కాదనను. కానీ 'సముద్రాన్ని కాపాడే చొక్కా' అన్నట్టు అమ్మితే నాకు బాధేస్తుంది. కొనేటప్పుడు ఎంత శాతం అన్నది చూడండి. గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ ముద్ర కొనేవాళ్లకు కనిపించేలా వేయాలంటే కనీసం 50 శాతం ఉండాలి. దాని చెల్లెలు లాంటి రీసైకిల్డ్ క్లెయిమ్ స్టాండర్డ్‌కు 5 శాతమే చాలు.

ఏ ముద్రా లేకుండా 'ఎకో', 'గ్రీన్', 'కాన్షస్' అని మాత్రమే ఉంటే ఆ మాటను లేనట్టే లెక్కించండి. ఒకసారి ఒక ఆర్డరు తనిఖీకి వచ్చింది. ఒకే గుడ్డ, ఒకే కుట్టు, ఒకే లైను మీద నడిచిన చొక్కాలు. సగానికి మామూలు కార్డు, సగానికి ఆకు బొమ్మ ఉన్న గోధుమరంగు కార్డు కట్టమని కొనుగోలుదారు నుంచి ఆదేశం. నేను రాతపూర్వకంగా అడిగాను. జవాబు రాలేదు, సరుకు వెళ్లిపోయింది. ఆ రోజు నేను ఇంకాస్త గట్టిగా నిలబడాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. ఐరోపాలో రుజువు లేకుండా 'పర్యావరణ హితం' లాంటి గాలిమాటలు రాయడాన్ని నిషేధించే నియమం 2026 సెప్టెంబర్ 27 నుంచి అమల్లోకి వచ్చేలా చేశారు. అలాంటిది అన్నిచోట్లా రావాలని కోరుకుంటున్నాను.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన విషయానికొస్తాను. బట్ట ఎన్నాళ్లు నిలుస్తుందో కొనేటప్పుడే చాలావరకు కనిపెట్టవచ్చు. దీన్ని ఏ లేబులూ చెప్పదు, మీ వేళ్లే చెప్పాలి.

దుకాణంలో చేత్తో తడిమి, మెత్తగా ఉంటే మంచి గుడ్డ అనుకుంటాం. ఆ మెత్తదనం చాలాసార్లు పత్తిది కాదు. టీషర్టుల్లాంటి అల్లిక గుడ్డ మీద సన్నటి నూగు ఉంటుంది. సెల్యులేజ్ అనే ఎంజైమ్ కలిపిన నీళ్లలో నానిస్తే అది ఆ నూగును తినేసి గుడ్డను నున్నగా చేస్తుంది. మితంగా చేస్తే మంచి పనే, ఉండలు కట్టడం తగ్గుతుంది. కానీ ఎంజైమ్‌కు ఏది నూగు, ఏది అసలు పోగు అన్న తేడా తెలియదు. కాసేపు ఎక్కువ ఉంచితే పోగునూ కొరికేస్తుంది. గుడ్డ బరువులో నూటికి మూడు నుంచి అయిదు వంతులు ఆ తొట్టిలోనే పోవడం నేను మామూలుగా చూసేవాణ్ని. దానిపైన సిలికాన్ పూత పూస్తారు. చేతికి వెన్నలా తగిలేది అదే. కొన్ని ఉతుకులయ్యాక అది పోతుంది, కింద ఉన్న బలహీనమైన గుడ్డ బయటపడుతుంది.

ల్యాబులో ఉన్నప్పుడు రెండు టీషర్టులు పక్కపక్కన పరీక్షకు వచ్చాయి. ఒకటి ఆర్గానిక్, చదరపు మీటరుకు 120 గ్రాముల పల్చటి గుడ్డ, పట్టుకుంటే జారిపోయేంత మెత్తన. రెండోది మామూలు పత్తి, 180 గ్రాములు, కాస్త గరుకు. అయిదో ఉతుకుకే మొదటిదాని పక్క కుట్టు మెలితిరిగి పొట్ట మీదికి వచ్చేసింది, మెడ దగ్గర చిన్న చిల్లులు పడ్డాయి. రెండోది ముప్పై ఉతుకుల తర్వాత కాస్త వెలిసింది, అంతే. ఏది పర్యావరణానికి మేలని నన్నడిగితే నేను గరుకుదాన్నే చూపిస్తాను. ఆర్గానిక్ పత్తిలో లోపం లేదు. దాన్ని అంత పల్చగా, అంత మెత్తగా చేసి అమ్మినవాళ్ల నిర్ణయంలో ఉంది లోపం. అదే ఆర్గానిక్ పత్తిని 180 గ్రాముల్లో నేసి ఉంటే రెండో ఆలోచన లేకుండా అదే కొనమనేవాణ్ని.

కొనేముందు నేను చేసే పనులు చెబుతాను. ముందు బట్టను తిరగేస్తాను. పైన చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. లోపల కుట్టు పక్కన ఎంత గుడ్డ వదిలారో చూడండి. వేలి వెడల్పంత వదిలితే రేపు మీ ఒళ్లు మారినా దర్జీ వదులు చేయగలడు. పోగులు ఊడకుండా అంచును దారంతో చుట్టే ఓవర్‌లాక్ మాత్రమే ఉంటే కుట్టు ఊడిన రోజున పట్టుకోవడానికి గుడ్డే ఉండదు. తర్వాత కుట్టుకు రెండు వైపులా పట్టుకుని మెల్లగా లాగండి. దారాలు నిచ్చెన మెట్లలా విడివిడిగా కనిపిస్తే కుట్లు తక్కువ వేశారని అర్థం. ధర తగ్గించమని ఒత్తిడి వచ్చినప్పుడు మొట్టమొదట కోత పడేది ఇక్కడే. అంగుళానికి 12 కుట్లు పడాల్సిన చోట 8 వేస్తే దారమూ మిగులుతుంది, మెషిన్ సమయమూ మిగులుతుంది. దుకాణంలో ఎవరికీ తెలియదు.

గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఎక్కడ చూసినా ఒకేలా ఉండాలి, కొన్నిచోట్ల పల్చగా మబ్బులు మబ్బులుగా కనిపిస్తే నూలు సరిగా లేదు. మణికట్టు దగ్గరి సాగే పట్టీని లాగి వదలండి, వెంటనే ముడుచుకోవాలి. టీషర్టును పక్క కుట్లు కలిసేలా మడిచి చూడండి, ఇప్పుడే వంకరగా ఉంటే ఉతికాక ఇంకా తిరుగుతుంది. గుండీలను ఇంటికి తెచ్చిన రోజే సూది దారంతో ఒకసారి బిగించుకోండి. చాలా గుండీలను ఒంటిదారం గొలుసుకుట్టుతో వేస్తారు, కొస లాగితే మొత్తం ఊడొస్తుంది.

జీన్స్ కొంటే చిరుగులు, అరుగులు లేనివి ఎంచుకోమని నా మనవి. కొత్తదాన్ని పాతదానిలా కనిపించేట్టు చేయడానికి గీకుతారు, రాళ్లతో ఉతుకుతారు, రంగు విరిచే రసాయనాలు చల్లుతారు. అంటే దాని ఆయుష్షులో కొంత తీసేసి మీకు అమ్ముతున్నారు. ఒకప్పుడు ఇదే రూపం కోసం ఇసుకను వేగంగా చిమ్మేవాళ్లు. టర్కీలో ఆ పని చేసిన ఎందరో కుర్రవాళ్లు ఊపిరితిత్తుల్లో ఇసుక ధూళి చేరి సిలికోసిస్‌తో చనిపోయాక ఆ దేశం 2009లో దాన్ని నిషేధించింది. అలాగే సాగే దారం ఎక్కువ కలిసిన జీన్స్ కూడా త్వరగా మోకాళ్ల దగ్గర జారిపోతాయి, వేడి తగిలితే ఆ దారం తొందరగా చచ్చిపోతుంది. ఒకటి రెండు శాతం దాకా ఫర్వాలేదు.

ఇక ఉతకడం. మీ పాలిస్టర్ బట్టలకు మీరు ఇవాళే చేయగలిగిన అతి పెద్ద మేలు ఇదే. తక్కువ సార్లు ఉతకండి. చెమట పట్టకపోతే ఒకసారి వేసుకున్న చొక్కాను గాలికి ఆరేసి మళ్లీ వేసుకోవచ్చు, జీన్స్‌ను ఇంకా ఎక్కువ సార్లు. చెమట పట్టిన పాలిస్టర్‌ను మాత్రం ముద్దగా చుట్టి రోజుల తరబడి ఉంచకండి, అది ఒంటి జిడ్డును పట్టుకుంటుంది, ఆ వాసన తర్వాత ఒక పట్టాన వదలదు. ఉతికేటప్పుడు తిరగేసి, చన్నీళ్లలో గానీ 30 డిగ్రీలలో గానీ, తక్కువ సమయం తిప్పండి. మెషిన్ నిండుగా ఉండాలి, బట్టలు తక్కువైతే ఒకదానికొకటి ఎక్కువ రాసుకుంటాయి. 'సున్నితం' అని ఉండే పద్ధతి పాలిస్టర్‌కు మంచిదనుకుంటాం గానీ, అందులో నీళ్లు ఎక్కువ పోస్తాయి కాబట్టి నలుసులు ఇంకా ఎక్కువ రాలతాయని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో తేల్చారు. డ్రైయర్ వాడేవాళ్లు దాని జాలీలో పేరుకునే దూదిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అది మీ బట్టే, కొంచెం కొంచెంగా అరిగి వచ్చింది. దండెం మీద తిరగేసి, ముదురు రంగులైతే నీడన ఆరేస్తే చాలు.

ఒక పాలిస్టర్ ప్యాంటు నేను పద్నాలుగేళ్లుగా వేసుకుంటున్నాను. రెండుసార్లు జేబు గుడ్డ మార్పించాను, ఒకసారి అడుగు అంచు. పాలిస్టర్‌కున్న గొప్ప గుణం అదే, తొందరగా అరగదు. అది మట్టిలో కలవదన్న నిజాన్నే తిప్పి చూస్తే, మన ఒంటి మీద అన్నేళ్లూ నిలుస్తుందని అర్థం. దాన్ని నాలుగు వాడకాల వస్తువుగా మార్చింది మనమే.

మీరు అడగలేదు గానీ, కుట్టేవాళ్ల గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా పక్కన సావర్‌లో, బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలకు పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన ఉద్యోగుల్ని రావద్దంది. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లను మాత్రం లోపలికి రమ్మన్నారు. ఆర్డరు గడువు అంటే ఏమిటో తెలిసినవాణ్ని కాబట్టి ఆ వార్త విన్నరోజు నాకు చేతులాడలేదు. వారానికోసారి కొత్త డిజైన్లు దుకాణంలో వేలాడాలంటే, ఆ తొందర చివరికి ఎవరో ఒకరి మెషిన్ దగ్గరే తేలుతుంది. మీరు ఏడాదికి కొనే బట్టలు సగానికి తగ్గించి, కొనే ఒక్కటీ నిలిచేది కొంటే ఆ తొందరలో మీ వంతు తగ్గుతుంది. సంస్థ తన వెబ్‌సైట్‌లో ఫ్యాక్టరీల పేర్లు, చిరునామాలు బయటపెట్టిందా అని కూడా చూడండి. పెట్టినంత మాత్రాన అంతా బాగుందని కాదు, పెట్టనివాళ్లను అడగడానికి మాత్రం ఒక కారణం దొరుకుతుంది.

ఇవ్వాల్సినవి ఎలా ఇవ్వాలన్నారు. నిజంగా సరిపోనివి, మీరు ఎన్నటికీ వేసుకోనివి ఉంటే ఇవ్వండి. కానీ మూట కట్టి విరాళాల డబ్బాలో పడేయకండి, తొడుక్కునే మనిషిని వెతికి ఇవ్వండి. తెలిసినవాళ్లకు చేతికివ్వడానికి మొహమాటపడేంత మాసిన, చిరిగిన బట్టను విరాళంగానూ ఇవ్వకూడదు. అలా ఇచ్చినవాటిలో చాలా భాగం బేళ్లుగా కట్టి సముద్రాలు దాటుతాయి. ఘనా రాజధాని అక్రాలోని కాంటమాంటో సంతలో ఆ బేళ్లు విప్పి, పనికొచ్చేవి ఏరి, బాగుచేసి అమ్ముకుని వేలమంది బతుకుతున్నారు. బాగుచేయడానికీ వీలుకానివి అక్కడి కాలవల్లోకీ, సముద్రపు ఒడ్డుకూ చేరుతున్నాయి. చిలీలోని అటకామా ఎడారిలో అమ్ముడుపోని బట్టల గుట్టలు ఆకాశం నుంచి తీసిన చిత్రాల్లో కూడా కనిపించాయి. 'రీసైక్లింగ్‌కు పంపుతాం' అన్న డబ్బాలను చూసి కూడా నిశ్చింతగా ఉండకండి. నేను పైన చెప్పిన ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017 నాటి లెక్క ప్రకారం, బట్టల కోసం వాడిన ముడిసరుకులో మళ్లీ బట్టగా మారేది ఒక్క శాతం లోపే. పత్తిని చీల్చి మళ్లీ వడకబోతే పోగు పొట్టిదైపోతుంది, బలం చాలదు. పత్తి, పాలిస్టర్, సాగే దారం మూడూ కలిసిన గుడ్డనైతే విడదీయడమే పెద్ద పని. చిరిగిన నూలు బట్టలు ఇంట్లోనే తుడుపు గుడ్డలుగా పనికొస్తాయి. పాలిస్టర్ నీళ్లు పీల్చదు కాబట్టి తుడవడానికి పనికిరాదు, దాన్ని సంచులకో, దిండు లోపల కూరడానికో వాడుకోండి.

చివరగా మీ వాన జాకెట్టు. సంచిలోంచి ముందు దాన్నే బయటికి తీయండి. జిప్పు పట్టడం లేదంటే పదింట ఎనిమిదిసార్లు పళ్లు బాగానే ఉంటాయి, అరిగేది వాటి మీద జారే లాగుడు ముక్క. పళ్లను వరుసగా చూడండి, ఒక్కటీ విరగకపోతే ఇది మీరే చేసుకోగలరు. లాగుడు ముక్కను కింది కొస దాకా దించి, దాని వెనక భాగాన్ని ఒకవైపు, తర్వాత రెండోవైపు పట్టకారుతో కొద్దికొద్దిగా నొక్కండి. గట్టిగా నొక్కితే విరుగుతుంది, కాబట్టి ప్రతిసారీ లాగి చూసుకుంటూ పోండి. పళ్ల మీద కొవ్వొత్తి మైనం రాస్తే జారుడు వస్తుంది. అప్పటికీ పట్టకపోతే దర్జీ దగ్గర ఆ ఒక్క ముక్కే మార్పించండి. జిప్పు మొత్తం మార్చాలంటే మాత్రం ఒప్పుకోకండి, వాన జాకెట్టుకు కొత్తగా పడ్డ ప్రతి సూది చిల్లు నుంచీ నీళ్లు కారతాయి. లోపలి పూత పొరలు పొరలుగా లేస్తోందా, లేక జిప్పు ఒక్కటేనా, అది మీరు రాయలేదు. పూత లేస్తుంటే ఒక ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.